తప్పుడు నమోదుకు శిక్ష ఎవరికి?

తపాలా శాఖలో పనిచేసి విరమించిన పెద్దలకు 1898 నాటి తపాలా చట్టంలోని 51వ సెక్షను గుర్తుండియే ఉంటుంది. ఉత్తరాలు పంచే ఉద్యోగి తాను పోని ఊరికి పోయినట్లు గాని, ఇవ్వని ఉత్తరాన్ని ఇచ్చినట్లు గాని నమ్మించే ఉద్దేశంతో తన పుస్తకంలో తప్పుగా నమోదు చేసినచో ఆరు మాసాల వరకు కారాగారం, లేదా నూరు రూపాయల వరకు జరిమానా, లేదా రెండునూ. ఎండనక వాననక కాలినడకన పల్లెలు తిరిగిన చిరుద్యోగి కలం నుండి వెలువడిన ఒక్క అబద్ధపు పంక్తిని ఈ రాజ్యం నూరేండ్లకు పైగా నేరంగానే పరిగణించినది. 2023లో చేసిన కొత్త తపాలా చట్టం ఆ పాత చట్టం స్థానంలోనికి వచ్చినది గాని, శాఖాపరమైన చార్జిషీట్లు మాత్రం ఎక్కడికీ పోలేదు.

రైల్వే సోదరులకు ఈ మాట విప్పి చెప్పనక్కరలేదు. ట్రైన్ రిజిస్టరులో నిమిషం మార్చి వ్రాసినవానిని, ఇవ్వని ప్రైవేటు నంబరును ఇచ్చినట్లు చూపినవానిని ఏ అధికారీ క్షమించడు. క్షమించకూడదు కూడా. ఆ ఒక్క పంక్తిని నమ్ముకొని వెనుక ఒక బండి వచ్చుచున్నది. అందులో వేయి మంది నిద్రించుచున్నారు.

మరి దేశం మొత్తాన్ని యుద్ధంలోనికి నడిపించే నాయకుడు, ఆ యుద్ధాన్ని గూర్చి ప్రజలకు తప్పుడు నమోదు చూపినచో అతనికి వర్తించే సెక్షను ఏది? ఏ చట్టంలో ఉన్నది? ఈ ప్రశ్న నాది కాదు. టాటానగర్ స్టేషనును ఆనుకొని ఉన్న మా పర్సుడీహ్‌లో ఒక సాయంకాలం టీ దుకాణం బల్లపై కూర్చుండగా, కొత్తగా ఉద్యోగంలో చేరిన ఒక అసిస్టెంటు లోకో పైలట్ నన్ను అడిగిన ప్రశ్న. అతని తాతగారి ఊరు టెక్కలి వైపు. "బాబాయి గారూ, ఎర్ర సిగ్నల్ దాటితే మమ్మల్ని ఆ క్షణమే బండి దించేస్తారు. సరిహద్దు ఎవడైనా దాటినాడో లేదో చెప్పడంలో తప్పు జరిగితే ఎవరిని దించుతారు?" అని అడిగినాడు. గూడ్సు గార్డుగా విరమించిన నాకు వెంటనే సమాధానం దొరకలేదు. తరువాత ఆలోచించి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

ఆ కుర్రవాడు మాట్లాడినది గల్వాన్ గురించి. 2020 జూన్ 15 రాత్రి లదాఖ్‌లోని గల్వాన్ లోయలో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో మన సైనికులు 20 మంది మరణించినారు. 16వ బీహార్ దళానికి అధిపతియైన కర్నల్ బిక్కుమళ్ళ సంతోష్ బాబు సూర్యాపేట బిడ్డ. అదే ఘర్షణలో మరణించిన గణేశ్ హాంస్దా మా తూర్పు సింగ్‌భూం జిల్లా బహరాగోడా ప్రాంతపు సంతాలీ యువకుడు. తెలంగాణ తల్లి ఒకరు, సింగ్‌భూం తల్లి ఒకరు ఒకే రాత్రి కొడుకులను పోగొట్టుకొన్నారు. ఈ ఊళ్ళో తెలుగువారమూ ఆదివాసులమూ ఒకే గనిలో, ఒకే లైనులో, ఒకే లోకో షెడ్డులో బ్రతికినవారము గనుక ఆ వార్త మాకు రెండు వైపుల నుండి తగిలినది.

జూన్ 17న విదేశాంగమంత్రి జైశంకర్ చైనా మంత్రితో మాట్లాడిన పిదప మన విదేశాంగ శాఖ ఒక ప్రకటన చేసినది. వాస్తవాధీన రేఖకు మన వైపున చైనావారు ఒక నిర్మాణాన్ని నిలుపబోయినారని అందులో ఉన్నది. రెండు దినాల తరువాత, జూన్ 19న, అఖిలపక్ష సమావేశం ముగింపులో ప్రధానమంత్రి నరేంద్ర మోదీ మన భూభాగంలోనికి ఎవరూ చొరబడలేదనీ, ఎవరూ అక్కడ లేరనీ, మన శిబిరం ఏదీ ఎవరి వశంలోనూ లేదనీ దేశానికి చెప్పినారు. మరునాడు ప్రధాని కార్యాలయం వివరణ ఇచ్చినది: మన సైనికుల పరాక్రమం వలన ఏర్పడిన పరిస్థితిని గూర్చి మాత్రమే ఆయన చెప్పినారట. ఆగస్టులో రక్షణ శాఖ వెబ్‌సైటులో, మే నెలలో కొన్ని ప్రాంతాలలో చైనా వైపు నుండి అతిక్రమణ జరిగినదని చెప్పే పత్రం కనిపించినది. రెండు దినాలకే ఆ పత్రం మాయమైనది. 2024 అక్టోబరు 21న, సరిహద్దు గస్తీ విషయమై చైనాతో ఒప్పందం కుదిరినదని ప్రభుత్వమే ప్రకటించినది. ఏదీ ఆగని చోట దేనిని పునరుద్ధరించుటకు ఒప్పందం?

జూన్ 19 నాటి మాట అబద్ధమని నేను తీర్పు చెప్పుట లేదు. తీర్పు చెప్పు అధికారం నాకు లేదు. ఉద్రిక్త సమయంలో యుద్ధం పెరగకుండా ఉండుటకే ఆ మాట అన్నారని వాదించువారు ఉన్నారు. ఆ వాదాన్ని తేలికగా కొట్టివేయలేము. కాని అది నిజమా, అబద్ధమా, అవసరార్థం అన్న మాటా అని కాగితాలు ముందుంచుకొని తేల్చవలసిన స్థలం ఈ దేశంలో ఎక్కడున్నది? ఆ సంవత్సరం సెప్టెంబరు సమావేశాలలో లోక్‌సభకు ప్రశ్నోత్తరాల సమయమే లేదు. రక్షణమంత్రి ప్రకటన చదివినారు. చర్చకు తావు ఇవ్వలేదు. మా కుర్రవాడు ఎర్ర సిగ్నల్ దాటినచో మాత్రం శ్వాస పరీక్ష నుండి స్పీడోమీటరు లెక్క వరకు అన్నీ ఆ రాత్రే తీసికొంటారు.

ఇది ఒక్క పార్టీని వేలెత్తి చూపుటకు వ్రాయుచున్న వ్యాసం కాదు. ఈ రోగం పాతది. అప్పటి వైద్యులు వేరు.

అక్సాయ్ చిన్ మీదుగా చైనావారు రోడ్డు వేసిన సంగతి 1957లోనే చైనా పత్రికలలో వచ్చినది. 1958 అక్టోబరు 18న మన ప్రభుత్వం దానిపై చైనాకు నిరసన పత్రం పంపినది. పార్లమెంటుకు జవహర్‌లాల్ నెహ్రూ ఈ విషయం తెలిపినది 1959 ఆగస్టు 28న. పది మాసాల కాలం పరాయి ప్రభుత్వానికి తెలిసినది మన పార్లమెంటుకు తెలియలేదు. నెహ్రూ గారి దేశభక్తిని శంకించువాడను కాను. శాంతిని కోరి మౌనం వహించినాడనే అనుకొందాము. కాని ఆ మౌనం విప్పిన తరువాత జనాగ్రహం కట్టలు తెంచుకొన్నది, రాజీకి దారి మూసుకొనిపోయినది. సన్నద్ధత లేని సైన్యాన్ని ముందుకు జరిపే విధానానికి 1961 నవంబరులో నిర్ణయం జరిగినది. 1962 అక్టోబరు 12న సిలోనుకు పోవుచు, మన భూభాగాన్ని విడిపించవలసిందిగా సైన్యానికి ఆదేశించినామని ప్రధాని విలేఖరులకు చెప్పినాడు. ఎనిమిది దినాలలో, అక్టోబరు 20న, చైనా సైన్యం విరుచుకుపడినది. కొండలలో చలికి తగిన బట్టలు లేని జవానులు ఏమైనారో అందరికీ తెలుసును. రక్షణ శాఖ లెక్క ప్రకారమే మరణించినవారు 1,383 మంది, జాడ తెలియకుండా పోయినవారు 1,696 మంది.

అప్పుడు నేను బడికి పోవు బాలుడను. మా నాన్నగారు ఇక్కడి షెడ్డులో ఫైర్‌మన్. ఒక దినం జీతం జాతీయ రక్షణ నిధికి ఇచ్చినారు. అమ్మ తన ముక్కుపుడక ఇచ్చినది. కార్మిక సంఘాలు కూడ ఆ నవంబరు 3న పారిశ్రామిక సంధి తీర్మానానికి ఒప్పుకొన్నవి. యుద్ధకాలంలో సమ్మెలు వలదని మాట ఇచ్చినవి. నవంబరు 21న చైనా కాల్పుల విరమణ ప్రకటించినది. యుద్ధం నెల దినాలలో ముగిసినది. అక్టోబరు 26న ప్రకటించిన అత్యవసర పరిస్థితి ఎప్పుడు ముగిసినదో తెలుసునా? 1968 జనవరి 10న. నడుమ 1965లో పాకిస్తానుతో యుద్ధం వచ్చినమాట నిజమే. కాని ఆ రెండు యుద్ధాలూ కలిపి లెక్కించినను మూడు మాసాలు నిండవు; అత్యవసరం అయిదేండ్లు దాటినది. ఆ పేర కమ్యూనిస్టులను, కార్మిక నాయకులను విచారణ లేకుండ నిర్బంధించినారు. 1963 జనవరిలో అదే రక్షణ నిబంధనల క్రింద బంగారు నియంత్రణ తెచ్చి పదునాలుగు క్యారెట్ల కట్టడి విధించగా పల్లెలలోని కంసాలి కొలుములు చల్లారిపోయినవి. కంసాలి వాని కొలిమికీ నేఫా సరిహద్దుకూ ఉన్న సంబంధం నాకు నేటికీ బోధపడలేదు.

శిక్ష ఎవరికి పడినది? రక్షణమంత్రి కృష్ణమీనన్ పదవి పోయినది. అంతటితో సరి. 1963 ఆగస్టులో ఆచార్య కృపలానీ అవిశ్వాస తీర్మానం తెచ్చినాడు; స్వతంత్ర భారతంలో అదే మొదటి అవిశ్వాస తీర్మానం. అనుకూలం 62, వ్యతిరేకం 347. వోట్లు లెక్కించినారు గాని వాస్తవాలు లెక్కించలేదు. లెఫ్టినెంట్ జనరల్ హెండర్సన్ బ్రూక్స్, బ్రిగేడియర్ భగత్ కలిసి పరాజయంపై విచారణ నివేదిక సమర్పించినారు. వారి పరిధి సైనిక విషయాలకే పరిమితం. మంత్రులను, వారి సలహాదారులను ప్రశ్నించు అధికారం వారికి లేదు. ఆ పరిమిత నివేదికను సైతం దాచినారు. 1963 సెప్టెంబరు 2న చవాన్ గారు లోక్‌సభలో సారాంశం చెప్పినారు, అంతే. 2010లో ఏ.కె. ఆంటోనీ బయటపెట్టజాలమన్నారు. 2014 మార్చిలో విదేశీ పత్రికారచయిత నెవిల్ మాక్స్‌వెల్ అందులో ఒక భాగాన్ని బయటపెట్టగా, ఇన్నాళ్ళు ఎందుకు దాచినారని ప్రతిపక్షంలో ఉన్న అరుణ్ జైట్లీ నిలదీసినారు. అదే సంవత్సరం జూలైలో రక్షణమంత్రి హోదాలో అదే జైట్లీ గారు దానిని బయటపెట్టుట జాతి ప్రయోజనం కాదన్నారు. కుర్చీ మారినది, తాళం మారలేదు.

ఇక మన ఇంటి కథకు వస్తాను. యుద్ధం గూర్చిన అసత్యం ఎక్కడో కొండలలోని సైనికునికే తగులునని అనుకొను ఉద్యోగ సోదరులు ఇది శ్రద్ధగా చదువవలె.

1971 డిసెంబరు 3న పాకిస్తాను దాడితో మరల అత్యవసర పరిస్థితి వచ్చినది. ఆ యుద్ధం న్యాయమైనదని నేను నాడును నమ్మినాను, నేడును నమ్ముచున్నాను. ఈ నేలపై, గుమ్లా ప్రాంతంలో పుట్టిన ఆల్బర్ట్ ఎక్కా ఆ యుద్ధంలోనే ప్రాణమిచ్చి పరమవీరచక్ర పొందినాడు. డిసెంబరు 16న ఢాకాలో పాకిస్తాను సైన్యం లొంగిపోయినది. 1972 జూలైలో సిమ్లా ఒప్పందం జరిగినది. తొంబది వేలకు పైబడిన యుద్ధఖైదీలను మనం తిరిగి పంపినాము. వారందరిలో చివరివాడుగా జనరల్ నియాజీ వాఘా సరిహద్దు దాటినది 1974 ఏప్రిల్ 30న.

సరిగ్గా రెండు దినాల తరువాత, మే 2న, రైల్వే కార్మికుల జాతీయ సమన్వయ సంఘం కన్వీనరు జార్జి ఫెర్నాండెజ్‌ను అరెస్టు చేసినారు. శత్రు సేనాపతి స్వేచ్ఛగా ఇంటికి పోయినాడు. రైల్వే కార్మికుడు జైలుకు పోయినాడు.

మే 8న సమ్మె ప్రారంభమైనది. బోనసు, పని గంటలు, ఇతర ప్రభుత్వరంగ సంస్థలతో సమాన వేతనం: ఇవీ కోర్కెలు. వేల మందిని పట్టుకొనుటకు వాడిన ఆయుధాలలో ముఖ్యమైనవి రెండు. భారత రక్షణ నిబంధనలు, మీసా. ఆంతరంగిక అత్యవసర పరిస్థితికి ఇంకను సంవత్సరం పైన వ్యవధి ఉన్నది గదా, ఆ నిబంధనలు ఎట్లు బ్రతికియున్నవని నేటి యువకులు అడుగవచ్చును. పదమూడు దినాల యుద్ధం పేర పుట్టిన అత్యవసరం చావలేదు గనుక. దానిని 1977 మార్చి వరకు రద్దు చేయలేదు. బయటి శత్రువు వలన దేశానికి ముప్పు కొనసాగుచున్నదని రాజ్యం అన్నాళ్ళూ ప్రతిదినం సంతకం పెట్టుచునే ఉన్నది. పోని ఊరికి పోయినట్లు వ్రాయుట అంటే ఇదియే కాదా?

మా నాన్నగారిని తీసికొనిపోవుటకు రాత్రి రెండు గంటలకు వచ్చినారు. నేను అప్పటికి కళాశాలలో చదువుచున్నాను. పోలీసు చేతిలోని కాగితం నేనే చదివి అమ్మకు చెప్పినాను, భారత రక్షణ నిబంధనల క్రింద అని. అమ్మ శ్రీకాకుళం పల్లెటూరి మనిషి, అక్షరం రాదు. ఆ పోలీసు వైపు తిరిగి, "యుద్ధం అయిపోయి రెండేళ్ళు దాటిపోనాది గదా బాబూ, ఇంకా ఎవులి మీద రక్షణ?" అని అడిగినది. అతడు తెలుగు రానివాడు. వచ్చినను ఏమి చెప్పగలడు? క్వార్టరు ఖాళీ చేయమన్నారు. మేము బంధువుల ఇంటి వసారాలో ఉన్నాము. నాన్నగారు పందొమ్మిది దినాలకు తిరిగివచ్చినారు. ఆ మధ్యనే, మే 18న, పోఖ్రాన్‌లో అణుపరీక్ష జరిగినది. ఆ దినం పత్రికల మొదటి పుట నుండి సమ్మె వార్త క్రిందికి జారిపోయినది. నెలాఖరుకు సమ్మె విరమించవలసి వచ్చినది. సర్వీసు తెగిపోయినవారు, ఉద్యోగాలు పోయినవారు 1977లో జనతా ప్రభుత్వం వచ్చి, మధు దండవతే రైల్వేమంత్రి అయిన తరువాతనే ఊపిరి పీల్చుకొన్నారు. అప్పటికి కొందరు లేరు.

కావున, యుద్ధం గూర్చి ప్రజలను తప్పుదారి పట్టించిన నాయకులను శిక్షించవలెనా అను ప్రశ్నకు నా సమాధానం, శిక్షించవలె. అయితే దేనికి, ఏ శిక్ష అన్న చోటనే మనవారిలో అనేకులతో నాకు భేదం ఉన్నది.

ఓటమికి శిక్ష వలదు. అంచనా తప్పుటకూ వలదు. పొగమంచులో సిగ్నల్ కానరాక తప్పు చేసినవానికీ, చూచియు చూడలేదని వ్రాసినవానికీ తేడా మన వృత్తిలో అందరికీ తెలిసినదే. మౌనానికి కూడ శిక్ష వలదు. యుద్ధకాలంలో "ఇప్పుడు చెప్పజాలను" అను హక్కు మంత్రికి ఉండవలె. సైనిక రైలు ఏ గంటకు ఏ స్టేషను దాటునో మనమే ఎవరికీ చెప్పము గదా. సైనిక తపాలాలో డెప్యుటేషనుపై పనిచేసిన తపాలా సోదరులు 56 ఏ.పి.ఓ., 99 ఏ.పి.ఓ. అను అంకెలతోనే లక్షల ఉత్తరాలు చేరవేసినారు. ఆ అంకెల వెనుక ఏ కొండ ఉన్నదో నోరు విప్పలేదు. రహస్యం కాపాడుట ఏమిటో మనకు ఒకరు నేర్పనక్కరలేదు. కాని ఆ తపాలా ఉద్యోగి జవాను ఎక్కడ ఉన్నాడో చెప్పలేదే గాని, లేని చోట ఉన్నాడని తల్లికి చెప్పలేదు. "చెప్పను" అనుట వేరు, "లేదు" అనుట వేరు. శిక్షార్హమైనది రెండవది, అదియు తెలిసి చెప్పినప్పుడు.

తెలిసి చెప్పినాడని ఎట్లు రుజువు చేయుదురు అని న్యాయవాది మిత్రులు వెంటనే అడుగుదురు. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షను చూడవలసినదిగా వారికి మనవి. ప్రత్యర్థి అభ్యర్థి వ్యక్తిగత శీలాన్ని గూర్చి, అబద్ధమని నమ్ముచునో, నిజమని నమ్మకయో, అసత్యాన్ని ప్రచారం చేసినచో అది అవినీతి చర్య. ఎన్నిక రద్దగును, ఆరేండ్ల వరకు అనర్హత పడును. అంటే తెలిసి చెప్పిన అసత్యాన్ని కొలుచు తూకపు రాయి మన చట్టంలో డెబ్బదేండ్ల నుండియే ఉన్నది. ప్రత్యర్థి తాగుబోతని అబద్ధమాడిన అభ్యర్థికి అనర్హత. యుద్ధాన్ని గూర్చి అబద్ధమాడిన మంత్రికి ఏమియు లేదు.

పార్లమెంటులో అన్న మాటకు 105వ అధికరణం కవచం. కోర్టులు తాకలేవు. సభకు మాత్రం, తనను బుద్ధిపూర్వకంగా తప్పుదారి పట్టించినవానిని హక్కుల ఉల్లంఘన క్రింద దండించు అధికారం ఉన్నది. కాని ఆ అధికారం సంఖ్యాబలం చేతిలోని కొరడా. 1978 డిసెంబరు 19న లోక్‌సభ ఇందిరాగాంధీని బహిష్కరించి జైలుకు పంపినది. మారుతి వ్యవహారంపై ఒక ప్రశ్నకు సమాధానం సేకరించుచున్న అధికారులను అడ్డుకొన్న నేరానికి. వారం తిరుగకముందే ఆమె బయటకు వచ్చినది, 1980 జనవరిలో అధికారానికే వచ్చినది, 1981లో కొత్త సభ ఆ తీర్మానాన్నే కొట్టివేసినది. శిక్షను గెలిచినవాడు ఓడినవానికి వేసినప్పుడు అది శిక్షగా నిలువదు, ప్రతీకారంగా మిగులును. అందుకనే జైలు, ఉరి అని కేకలు వేయు మిత్రులతో నేను ఏకీభవించను.

అర్జెంటీనా అనుభవం ఈ విషయంలో మనకు పనికివచ్చును. 1982లో మాల్వినాస్ దీవుల కొరకు బ్రిటనుతో యుద్ధానికి దిగిన సైనిక ప్రభుత్వం, గెలుచుచున్నామని చివరి దినాల వరకు ప్రజలను నమ్మించినది. ఓటమి ఒక్కసారిగా తెలిసినప్పుడు ఆ ప్రభుత్వమే కూలిపోయినది. రాటెన్‌బాక్ అను జనరల్ అధ్యక్షతన విచారణ జరిగినది. 1986లో గాల్టియేరీకి పండ్రెండేండ్ల శిక్ష పడినది. 1989లో కొత్త అధ్యక్షుడు మెనెమ్ క్షమాభిక్ష పెట్టినాడు. శిక్ష కరగిపోయినది. నివేదికను మాత్రం ముప్పదేండ్లు దాచి 2012లో బయటపెట్టినారు. నాకు తోచినంతవరకు ఆ దేశానికి ఎక్కువ మేలు చేసినది జైలు కాదు, ఆ కాగితాలు.

పాకిస్తానులో 1971 పరాజయంపై హమూదుర్ రహమాన్ కమిషను సేనానులపై బహిరంగ విచారణ జరుపవలెనని సిఫారసు చేసినది. ఎవరినీ విచారించలేదు, మన దేశపు పత్రికలో 2000లో అచ్చు అయిన పిమ్మట గాని వారి ప్రభుత్వం దానిని విడుదల చేయలేదు. ఇరాక్ యుద్ధంపై బ్రిటనులో చిల్కాట్ నివేదిక 2016లో వచ్చినది, ఇరువది ఆరు లక్షల పదాలు. టోనీ బ్లెయిర్‌కు ఆ తరువాత అత్యున్నత బిరుదు లభించినది. వియత్నాం యుద్ధపు రహస్యాలను 1971లో వెల్లడించిన డేనియల్ ఎల్స్‌బర్గ్‌ను అమెరికా ప్రభుత్వం కోర్టుకు ఈడ్చినది, 1973లో ఆ కేసు వీగిపోయినది. అసత్యం చెప్పినవాడు ఏ కోర్టుకూ పోలేదు.

మన దేశంలో కూడ ఒక మంచి ఉదాహరణ లేకపోలేదు. కార్గిల్ యుద్ధం ముగిసిన కొద్ది దినాలకే, 1999 జూలై 29న, సుబ్రహ్మణ్యం గారి అధ్యక్షతన సమీక్షా సంఘం ఏర్పడినది. కొన్ని భాగాలు తొలగించి 2000 ఫిబ్రవరిలో నివేదికను పార్లమెంటు ముందుంచినారు. దేశం కూలిపోలేదు, సైన్యం ధైర్యం చెడలేదు. అయితే ఎవరి బాధ్యత ఎంత అని తేల్చుట ఆ సంఘం పని కాదు.

ఆ పని చేయగల యంత్రాంగం ఎట్లుండవలె? రైలు ప్రమాదాలపై విచారించు రైల్వే సేఫ్టీ కమిషనరు ఏ మంత్రిత్వ శాఖ క్రింద ఉన్నాడో మనకు తెలుసును. రైల్వే శాఖ క్రింద కాదు, పౌర విమానయాన శాఖ క్రింద. తన తప్పుపై తానే తీర్పు చెప్పరాదని 1941లోనే ఇన్‌స్పెక్టర్లను రైల్వే బోర్డు నుండి విడదీసినారు. అప్పట్లో వారిని పెట్టినది తపాలా, విమానయాన శాఖలో! (తపాలా సోదరులు ఈ సంగతి గర్వంగా చెప్పుకొనవచ్చును.) పట్టాలు తప్పిన బండికి ఉన్నపాటి న్యాయం, దారి తప్పిన యుద్ధానికి లేకపోవుటకు కారణం కనబడదు. సైనికులు మరణించిన ప్రతి సాయుధ ఘర్షణ తరువాత, నియమిత గడువులో, రక్షణ శాఖకు గాని హోంశాఖకు గాని లోబడని సంఘం ఒకటి తనంతట తానే విచారణ ప్రారంభించవలె. ప్రభుత్వం తలచినప్పుడు కాదు. మంత్రులను పిలుచు అధికారం, అన్ని కాగితాలు చూచు అధికారం దానికి ఉండవలె. రహస్యంగా ఉంచవలసిన భాగాలు ఉంచవచ్చును గాని తెరచు తేదీ నివేదిక మొదటి పుటలోనే అచ్చువేయవలె. తెలిసి అసత్యం చెప్పినట్లు తేలినవాడు పదవి విడువవలె, ఆరేండ్లు ఎన్నికలకు అనర్హుడు కావలె. ప్రత్యర్థిని నిందించినవానికి ఉన్న శిక్ష కన్న ఇది ఒక దినం కూడ ఎక్కువ కాదు. తన తప్పును తానే సభకు ముందుగా చెప్పుకొన్నవానికి శిక్ష తగ్గించవచ్చును. లేనిచో శిక్షకు భయపడి యుద్ధాన్ని సాగదీయువారు పుట్టుదురు. ఈ ఆక్షేపణ బలమైనదే.

మంత్రులకు ఇది అతి కఠినం అనువారికి 1956 గుర్తుచేస్తాను. మహబూబ్‌నగర్ వద్ద వంతెన కూలి రైలు పడిపోయినప్పుడు లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇవ్వబోయినారు, ప్రధాని వలదన్నారు. నవంబరులో అరియలూరు ప్రమాదం జరుగగా పట్టుబట్టి దిగిపోయినారు. ఆయన అబద్ధం చెప్పలేదు, వంతెన కట్టలేదు, బండి నడపలేదు.

చివరి సంగతి అత్యవసర అధికారాలు. 1978లో 44వ రాజ్యాంగ సవరణ వలన అత్యవసర పరిస్థితికి ఆరు మాసాలకు ఒకసారి పార్లమెంటు ప్రత్యేక ఆధిక్యతతో ఆమోదం కావలసి వచ్చినది. ఇది చాల మేలు. ఇందుకు మూల్యం చెల్లించినవారిలో 1974 నాటి మనవారు ఉన్నారు. కాని యుద్ధం పేర చేసిన చట్టాన్ని సమ్మెపై ప్రయోగించరాదని స్పష్టంగా వ్రాసిన వాక్యం నేటికీ ఎక్కడా లేదు.

పర్సుడీహ్‌లోని మా పింఛనుదారుల బృందం ఈ మూడు విషయాలను, అనగా స్వతంత్ర విచారణ సంఘం, ఆరేండ్ల అనర్హత, యుద్ధకాలపు చట్టాలను కార్మికులపై వాడకుండ నిషేధం, తీర్మానరూపంలో వ్రాసి రానున్న శాఖా సమావేశం ముందు ఉంచుచున్నది. హెండర్సన్ బ్రూక్స్ నివేదికను పూర్తిగా ప్రచురించవలెనని నాలుగవ కోర్కె చేర్చవలెనా అన్నచోట మాలో మాకే ఏకాభిప్రాయం కుదరలేదు; నేను చేర్చవలెననువాడను. అనర్హత చాలదు, జైలే ఉండవలెనని మా అసిస్టెంటు లోకో పైలట్ ఇంకను వాదించుచునే ఉన్నాడు. అతని వాదం కూడ ఈ పుటలలో అచ్చు కావలెనని నా కోరిక. తక్కిన శాఖల సభ్యులు తమ అభిప్రాయాలను, ముఖ్యంగా 1974లో రక్షణ నిబంధనల క్రింద నిర్బంధానికి గురియైన కుటుంబాలవారు తమవద్ద మిగిలిన కాగితాల నకళ్ళను, సమావేశానికి ముందుగా పంపవలసిందిగా కోరుచున్నాను. మా నాన్నగారి కాగితం నావద్ద ఉన్నది.